పిలిచేదాకా రావద్దన్నారు

నల్లగండ్లలో ఆ పెద్ద స్కూలు గోడ పక్క సందులో పోచమ్మ చాయ్ బండి ఉంది. బండి వెనక ఒక బెంచీ. ఆ బెంచీ మీద పొద్దున్నే యూనిఫామ్ వేసుకున్న పిల్ల ఎవరైనా కూర్చుంటే ఇక పోచమ్మకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. లోపల గంట కొడతారు, ప్రార్థన అయిపోతుంది, ఆ పిల్ల మాత్రం లేవదు. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, చాయ్ తాగే వయసు కాకపోయినా చాయ్ అడుగుతుంది.

"పంపించేసిండ్రా?" అని అడుగుతుంది పోచమ్మ, పొయ్యి మీది గిన్నెలోంచి చూపు తిప్పకుండానే.

"లేదు ఆంటీ, ఇవాళ మాకు ఫస్ట్ పీరియడ్ లేదు."

"అవునా, మంచిగున్నది." అంతే, ఇంకో మాట అడగదు. గుచ్చి గుచ్చి అడిగితే పిల్లలు లేచిపోతారని ఆమెకు తెలుసు. లేచిపోయి ఎటు పోతారో ఎవరు చూడొచ్చారు? సగం కట్టి వదిలేసిన బిల్డింగులు చుట్టూ బోలెడున్నాయి. ఇక్కడైతే కంటి ముందుంటారు, ఆకలైతే ఒక సమోసా తింటారు.

అసలు ఈ శిక్ష సంగతి చెప్పుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. బళ్ళో సరిగా ఉండటం లేదని పిల్లను పట్టుకుని, అయితే కొన్నాళ్ళు బడికే రాకు పొమ్మంటారు. ఇంట్లో అమ్మానాన్నలిద్దరూ కంప్యూటర్ ఉద్యోగాలు, పొద్దున లేచింది మొదలు మీటింగులు. పిల్ల ఎప్పటిలాగే తల దువ్వుకుంటుంది, డబ్బా కట్టించుకుంటుంది, టాటా చెప్పి బయల్దేరుతుంది. స్కూలు గేటు దాకా వచ్చి పక్కకు తిరుగుతుంది. తిరిగిన చోటే పోచమ్మ బండి. ఇంట్లో కూర్చుని బుద్ధి తెచ్చుకుంటుందని స్కూలు వాళ్ళు అనుకుంటారు, స్కూల్లో కూర్చుని చదువుకుంటోందని ఇంట్లో వాళ్ళు అనుకుంటారు. అందరూ హాయిగానే ఉంటారు.

అలాగని ప్రిన్సిపాల్ ఉదయ్ భాస్కర్ సారు చెడ్డవాడని కాదు. రోజూ ప్రార్థనకు ముందు తనే సందులోకి వచ్చి పోచమ్మ చేతి చాయ్ తాగిపోతాడు. ఒకసారి ఆమే ఉండబట్టలేక, "పోరగాళ్లను గిట్ల బయటికి పంపుడేంది సారూ?" అనేసింది.

"ఏం చేయమంటావు పోచమ్మా! కొట్టకూడదు. మంచిదే, కొట్టొద్దు. గట్టిగా ఒక మాటంటే వాళ్ళ నాన్న కొట్లాటకొస్తాడు. ఏమీ అనకపోతే మిగతా పిల్లల తల్లిదండ్రులు వరసకట్టి వస్తారు. ఇంటికి పంపడం తప్ప నా చేతుల్లో ఏముంది చెప్పు?"

పాపం ఆయన తిప్పలు ఆయనవి అనుకుని పోచమ్మ ఇంకొంచెం చాయ్ పోసింది.

ఫిబ్రవరిలో, ట్యాంకర్ల తిరుగుడు మొదలై రోడ్లు ఎప్పుడూ తడిగా ఉండే రోజుల్లో, ఆ బెంచీ మీదికి నవ్య వచ్చింది. తొమ్మిదో తరగతి. వాళ్ళది ప్రొద్దుటూరు వైపు, అమ్మానాన్నలు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. పెద్ద పెద్ద కళ్ళు, గలగలా మాట. సాయంత్రం సమోసాకు వచ్చినప్పుడల్లా నలుగురిని నవ్వించి కాని పోయేది కాదు. అలాంటి పిల్ల ఆ రోజు, సారు చాయ్ తాగి వెళ్ళాక వచ్చి, ముక్కు ఎర్రగా చేసుకుని కూర్చుంది.

ఆమె చేసిన తప్పు చిన్నదేం కాదు. తెలుగు చెప్పే పార్వతమ్మ మేడమ్‌కు మోకాళ్ళ నొప్పి. కుడికాలు ఈడుస్తూ, గోడ పట్టుకుంటూ నడుస్తుంది. నవ్య చున్నీని పైటలా వేసుకుని, మేడమ్‌లా కాలు ఈడుస్తూ, పద్యం చదువుతూ క్లాసంతా తిరిగింది. ఎవరో ఫోన్లో తీశారు. అన్ని సెక్షన్లూ తిరిగి మధ్యాహ్నానికి అది స్టాఫ్ రూముకే చేరింది. పార్వతమ్మ మేడమ్ చూసింది. సంచి తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

సాయంత్రం నవ్య వాళ్ళమ్మ ఫోనుకు స్కూలు నుంచి మెసేజ్ వచ్చింది: మేము పిలిచేవరకు మీ అమ్మాయిని పంపవద్దు. అమ్మ మీటింగులో ఉంది, ఫోను నవ్య చేతిలో ఉంది. పిల్లే అమ్మ రాసినట్టు జవాబు రాసింది: అలాగే సర్, మేం ఊరికి వెళ్తున్నాం, వచ్చాక కలుస్తాం. ఆ తర్వాత రెండూ చెరిపేసింది. స్కూలు వాళ్ళు సరే అనుకున్నారు.

ఇదంతా పోచమ్మకు చెప్పింది, తలమీద చెయ్యి పెట్టించుకుని మరీ చెప్పింది. "మా స్కూల్ వాళ్ళకి చెప్పనని, మా అమ్మకి చెప్పనని ఒట్టెయ్యి ఆంటీ." ఏడుస్తున్న పిల్ల ముందు పోచమ్మ ఏం చేస్తుంది? వేసింది.

ఆ మొదటి రోజు ఆ పిల్ల పడ్డ బాధ చూస్తే శత్రువుకైనా జాలేస్తుంది. "మేడమ్ ఇవాళ వచ్చారా ఆంటీ?" అని పదిసార్లు అడిగింది. సాయంత్రం పార్వతమ్మ మేడమ్ షేర్ ఆటో కోసం ఆ సందులోంచే కాలీడ్చుకుంటూ పోతుంటే, బండి చాటున నక్కి కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. క్షమించమని ఫోన్లో ఏదో రాసింది, చెరిపింది, మళ్ళీ రాసి పోచమ్మకు చదివి వినిపించింది.

"మంచిగ రాసినవ్ బిడ్డా. ఇంకేంది మరి, పోయి గా మేడమ్ ముంగట చెప్పు."

"ఎట్లా వెళ్ళను ఆంటీ? పిలిచేదాకా రావద్దన్నారు."

పోచమ్మ చేతిలో గంటె ఆగిపోయింది. పాలు పొంగి పొయ్యి మీద పడ్డా చూసుకోలేదు. ఆ మాట ఆమెకు కొత్తది కాదు.

పోచమ్మది నానక్‌రామ్‌గూడ. ఇప్పటి అద్దాల బిల్డింగులు అప్పుడు లేవు, జొన్న చేలుండేవి. ఆమె చిన్నప్పుడు, ఎవరి పెళ్ళిలోనో తాగి ఒకణ్ణి కొట్టాడని కులపెద్దలు ఆమె నాయిన్ని పక్కన పెట్టారు. 'మేం కబురు పెట్టేదాకా రాకు' అన్నారు. వాళ్ళల్లో పద్ధతి అది. కబురు వచ్చేదాకా పోకూడదు. పిలవకుండా పోయి నిలబడితే తప్పు మీద ఇంకో తప్పు, పెద్దల మాట కాలితో తన్నినట్టు. నాయిన ఇంటిపట్టునే తలొంచుకుని కూర్చున్నాడు. ఒకనాడు పొద్దున్నే పెద్దల దగ్గర్నుంచి మనిషొచ్చి, "నడువు మామా, పిలుస్తున్నరు" అన్నాడు. నాయిన కాళ్ళు కడుక్కుని, తలపాగా చుట్టుకుని పోయాడు. అందరూ కలిసి కల్లు తాగారు, అయిపోయింది. దెబ్బలు తిన్నవాడే నాయిన భుజం మీద చెయ్యేసుకుని ఇంటిదాకా దిగబెట్టాడు.

అది చూసి పెరిగిన మనిషి పోచమ్మ. ఆమె కొడుకు మహేశ్ సర్కారు బళ్ళో ఏడో తరగతిలో ఉండగా, పతంగి కోసం కొట్లాడి ఒకడి తల పగలగొట్టాడు. హెడ్మాస్టరు చెవి మెలేసి, "నేను పిలిచేదాకా బడిల కాలు పెట్టకు" అని పంపించాడు. మొగుడు ఎల్లేశం బిల్డింగుల మీద కూలి, పొద్దున పోతే చీకటి పడ్డాకే రాక. "జర బడికాడికి పోయి మాట్లాడరాదు" అని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. ఎందుకు తోస్తుంది? పెద్దమనిషి పిలిచేదాకా రావద్దన్నాడంటే, పిలుస్తాడనే కదా అర్థం! పోచమ్మ రోజూ వాకిలి ఊడ్చి, మనిషొస్తే కూర్చోబెట్టడానికి మంచం వాల్చి పెట్టేది. ఇవాళ కాకపోతే రేపొస్తడు అనుకునేది. మహేశ్ మాత్రం పొద్దున పోయి సాయంత్రం చెడ్డీ నిండా దుమ్ముతో వచ్చేవాడు. "బుద్ధి లేదార, ఊర్లు పట్టుకుని తిరుగుతవా" అని చీపురు తిరగేసింది ఒకనాడు. వాడు కిక్కురుమనలేదు.

మనిషి రాలేదు. వేసవి సెలవులొచ్చాయి, హెడ్మాస్టరుకు బదిలీ అయింది, కొత్తాయనకు మహేశ్ అనేవాడొకడు ఉన్నాడని కూడా తెలియదు. బడి తెరిచేనాటికి వాడు తండ్రి వెంట సిమెంటు తట్టలు మోస్తున్నాడు. ఇప్పుడు వాటర్ ట్యాంకర్ నడుపుతాడు. బంగారం లాంటి మనిషి, ఒకరి జోలికి పోడు, అమ్మను ఒక్క మాటనడు. అపార్టుమెంట్ల పేర్లు మాత్రం కూడబలుక్కుని చదువుతాడు.

ఇదంతా పోచమ్మ నవ్యకు చెప్పలేదు. పాలు పొంగిన పొయ్యి తుడుచుకుంటూ ఉండిపోయింది.

మర్నాడు పిల్ల కాస్త తేరుకుంది. ఒక ఉపాయం కూడా పట్టుకొచ్చింది. "ఆంటీ, నువ్వే మా అమ్మమ్మలాగా వచ్చి ప్రిన్సిపాల్‌తో మాట్లాడవా? మంచి చీర నేను తెస్తా."

పోచమ్మ పకపకా నవ్వింది. "నీ తెలివి సల్లగుండ! గా సారు దినాం నా చాయ్ తాగుతడే పిచ్చిదానా. పోచమ్మ ఎప్పుడు అమ్మమ్మ అయిందని అడుగడా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వు మంచిదే. కానీ ఆ తర్వాత రోజుల్లో నవ్వులు ఎక్కువయ్యాయి, ఏడుపు తగ్గింది. 'మేడమ్ వచ్చారా' అనే మాట తగ్గింది. ఫోన్లో రాసుకున్నది చెరిపేసిందో ఏమో, మళ్ళీ చదవలేదు. డెలివరీ కుర్రాళ్ళు చాయ్‌కి వస్తే వాళ్ళతో కబుర్లు మొదలయ్యాయి. "అసలు స్కూల్ వేస్ట్ ఆంటీ. బయటే బాగుంది" అంది ఒకరోజు, కాళ్ళూపుకుంటూ. బడి మీద మనసు ఇట్లాగే విరుగుతుందని పోచమ్మకు ఒకరు చెప్పాలా?

శుక్రవారం సాయంత్రం జరగాల్సింది జరిగింది. పార్వతమ్మ మేడమ్ గోడ పట్టుకుంటూ సందులోంచి పోతోంది. నవ్య ఈసారి దాక్కోలేదు. మేడమ్ మలుపు తిరగ్గానే లేచి, చున్నీ పైటలా వేసుకుని, కాలీడుస్తూ బండి చుట్టూ ఒక చుట్టు తిరిగింది. డెలివరీ కుర్రాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఒకడు ఈల వేశాడు. నవ్య వంగి దండం పెట్టింది, స్టేజీ మీద పెట్టినట్టు.

పోచమ్మ గంటెను గిన్నెలో విసిరికొట్టింది. చాయ్ చింది చెయ్యి కాలింది.

"ఆ అమ్మ నొప్పితోని నడుస్తుంటె నీకు నవ్వులాటనా? నీ నోట్లె మన్నుబడ! మొన్న ఈడనే కూసోని ఏడిస్తివి గదనే! గా ఏడుపు ఏడబోయింది?"

కుర్రాళ్ళు మెల్లగా జారుకున్నారు. నవ్య మొహం మొదట తెల్లబోయింది, తర్వాత గడుసుగా మారింది. "ఏడిస్తే ఎవరు చూశారు ఆంటీ? ఎవరైనా పిలిచారా? అసలు నేనున్నానని వాళ్ళకి గుర్తుందా?" బ్యాగు భుజాన వేసుకుంది. "సోమవారం నుంచి ఇక్కడికి కూడా రాను, పో."

పోయింది. పోచమ్మ కాలిన చెయ్యి మీద నీళ్ళు పోసుకుంటూ నిలబడింది. అంత మంచి ఏడుపు, నిజమైన ఏడుపు, దానికి తగిన మనిషి ముందు ఒక్కసారి ఏడ్చి ఉంటే ఆ రోజే తేలిపోయేది. గోడ బయట కూర్చుని ఎన్నాళ్ళని ఏడుస్తుంది ఎవరైనా? శని, ఆదివారాలు పోచమ్మ అన్నం సరిగా తినలేదు. సోమవారం ఆ పిల్ల ఎక్కడికి పోతుంది? మంగళవారం? పరీక్షలు ఇంకెంతో దూరం లేవు.

సోమవారం పొద్దున పొయ్యి వెలిగించలేదు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టింది. మహేశ్‌కు ఫోన్ చేసింది.

"కొడుకా, నల్లగండ్ల పెద్ద అపార్టుమెంటుకు నీళ్ళు నువ్వే పోస్తవ్ గదా? జర నన్ను తోల్కపో."

"బండి బంద్ పెట్టి ఏడికే?" అన్నాడే కాని, పది నిమిషాల్లో ట్యాంకర్ తెచ్చి ఆపాడు. దారిలో నవ్య సంగతంతా చెప్పింది పోచమ్మ. "పిలిచేదాకా రావద్దన్నరట" అన్నప్పుడు మహేశ్ ఒకసారి అమ్మ మొహం చూసి, మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు.

నవ్య వాళ్ళు ఉండే అపార్టుమెంటు గేటు దగ్గర ట్యాంకర్‌కు దారి ఉంది కాని పోచమ్మకు లేదు. సెక్యూరిటీ అతను నవ్య వాళ్ళింటికి అడుగుతూ ఫోన్లో ఏదో నొక్కి చూసి పెదవి విరిచాడు. "మేడమ్ ఒప్పుకుంటలేదమ్మా. పోచమ్మంటే ఎవరో తెల్వదంటుంది. పిలవందే లోపలికి పంపం, రూల్ అది."

పిలవందే! మళ్ళీ అదే మాట. ఊరు పోయి ఊళ్ళో గుడిసెలు పోయి ఇన్ని అంతస్తులు లేచినా ఈ మాట మాత్రం ఎక్కడికీ పోలేదు. పోచమ్మకు ఎక్కడ లేని కోపం వచ్చింది.

"నేను కదల."

"అమ్మా, జర పక్కకు..."

అప్పుడు మహేశ్ ట్యాంకర్‌ను గేటుకు అడ్డంగా ఆపి ఇంజన్ కట్టేశాడు. ఎన్నడూ ఎవరితో పేచీ పెట్టుకోని మనిషి! వెనక ఆఫీసులకు పోయే కార్లు ఒకటే హారన్లు. "ఫోన్ మా అమ్మకియ్యి అన్నా. మాట్లాడినంక తీస్త" అన్నాడు నెమ్మదిగా. సెక్యూరిటీ అతను పరేషానై నవ్య వాళ్ళింటికి కలిపి ఫోన్ ఇచ్చేశాడు.

"అమ్మా, నేను స్కూల్ కాడ చాయ్ అమ్ముకునేదాన్ని. నీ బిడ్డ నవ్య పోయిన సోమారం సంది బడికి పోతలేదు."

అవతల ఫోన్ ఠక్కున కట్టయింది. లిఫ్టు దిగి నవ్య వాళ్ళమ్మ ప్రియదర్శిని చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది. మెడలో ఇంకా ఆఫీసు హెడ్‌ఫోన్ వేలాడుతోంది.

"ఏందిమ్మా నువ్వు చెప్పేది? నా కూతురు ఇప్పుడే కదా స్కూలుకు పోయింది! నేనే డబ్బా కట్టి పంపించినా."

పోచమ్మ అంతా చెప్పింది, ఏదీ దాచలేదు. ప్రియదర్శిని స్కూలు యాప్ తెరిచి చూసింది. రోజూ చూద్దామనుకుని చూడని హాజరు అందులోనే ఉంది, వరసగా అన్నీ ఎరుపే. అక్కడే పూలకుండీల గట్టు మీద కూలబడింది. భర్త దినేష్ నెలలో సగం రోజులు బెంగళూరులో ఉంటాడు, ఇల్లూ ఆఫీసూ అన్నీ ఆమే. కూతురికి ఫోన్ చేసింది. "యాడున్నావ్ నవ్యా? ... నిజం చెప్పు. కొట్టను. తిట్టను. యాడున్నావ్?"

నవ్య మదీనాగూడలో, తెరవని ఒక మాల్ మెట్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. ఫోన్లోంచి పిల్ల ఏడుపు పోచమ్మకు కూడా వినపడింది.

ప్రియదర్శిని కారు తీసింది, పోచమ్మను పక్కన కూర్చోబెట్టుకుంది. మాల్ మెట్ల దగ్గర నవ్య వచ్చి వెనక సీట్లో కూర్చుని తల దించుకుంది. ప్రియదర్శిని వెనక్కి తిరిగి కూతుర్ని చూసి, కళ్ళు తుడుచుకుని, కారును ఇంటి వైపు తిప్పింది.

"స్కూలుకు గాదా అమ్మా?" అంది పోచమ్మ.

"ముందు ఇంటికి పోయి మెయిల్ పెడతానమ్మా. అంతా వివరంగా రాస్తా. వాళ్ళు పిలిచి టైమ్ ఇస్తే అప్పుడు పోతాం. ఇట్లా ఉన్నపళంగా పోతే బాగుండదు కదా."

"పిలువరు బిడ్డా."

"అట్లా ఎందుకంటావ్? పెద్ద స్కూలు..."

"పిలువరు. నేను చూసిన. నా కొడుకును గిట్లనే పంపిండ్రు. పిలుస్తరని మంచం వాల్చి పెట్టిన. ఊడ్చిన వాకిలే ఊడ్చిన. వాళ్ళకు కోపం ఉండి కాదమ్మా, వాళ్ళకు యాదికుండదు. వందల పోరగాళ్ళు, ఎవరని యాదికుంటరు? మనకు ఒక్కటే పోరి." అంది పోచమ్మ. "ఇయ్యాల ట్యాంకర్ నడుపుతున్నడే, వాడే నా కొడుకు. నేను ఒక్కపాలి బడి గడప తొక్కి ఉంటె... తొక్కలె. నువ్వు తొక్కు తల్లీ. నీ కాళ్ళు మొక్కుత."

ప్రియదర్శిని తర్వాతి మలుపులో కారును స్కూలు వైపు తిప్పింది.

ఇన్నేళ్ళుగా ఆ గోడ పక్కన బతుకుతున్నా పోచమ్మ ఆ గేటు లోపల ఎన్నడూ అడుగు పెట్టలేదు. అలవాటు కొద్దీ గేటు బయటే ఆగిపోయింది. ప్రియదర్శిని వెనక్కి వచ్చి చెయ్యి పట్టుకుంది. "నువ్వూ రామ్మా. నాకూ భయంగానే ఉంది."

ప్రిన్సిపాల్ గదిలోకి పోగానే ఉదయ్ భాస్కర్ సారు అన్న మొదటి మాట, "పొద్దున్నుంచి చాయ్ లేక తలనొప్పి, ఏమైపోయావు పోచమ్మా!" ఆ తర్వాత వెనక నిలబడ్డ తల్లీకూతుళ్ళను చూసి కుర్చీలోంచి లేచాడు. "మీరు ఊరికి వెళ్ళారని... వచ్చాక కలుస్తామన్నారు కదా?" మెసేజ్ సంగతి నవ్యే చెప్పింది, తలెత్తకుండా. ఆయన అంతా విని నుదురు రుద్దుకున్నాడు. ఎవరి మీదా అరవలేదు. "మళ్ళీ పిలిపించాలనే అనుకున్నానమ్మా. ఏదో ఒక పని..." అని ఆగిపోయి, పార్వతమ్మ మేడమ్‌కు కబురు పెట్టాడు.

మేడమ్ వచ్చింది. కారిడార్‌లో ఆ కాలు ఈడ్చే చప్పుడు దగ్గరవుతున్న కొద్దీ నవ్య అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. మేడమ్ గుమ్మంలోకి రాగానే పిల్ల ఆగలేకపోయింది. ఫోన్లో రాసుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. "మేడమ్... మేడమ్..." అని ఒకటే ఏడుపు. మొదటి రోజు బండి చాటున ఏడ్చిన ఏడుపే అది. ఎండిపోలేదు, దేవుడి దయ. పోచమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పార్వతమ్మ మేడమ్ అది తగ్గేదాకా ఊరుకుంది. "చాలా బాధపడ్డాను నవ్యా, అబద్ధమెందుకు చెప్పాలి" అంది. "కానీ నిన్ను పంపించెయ్యమని నేను అడగలేదు. ఒకసారి నాతో మాట్లాడించమన్నాను. ఆ తర్వాత క్లాసుకు వస్తే నీ బెంచీ ఖాళీగా ఉంది. రోజూ చూస్తూనే ఉన్నాను." తర్వాత సారు వైపు తిరిగింది. "నేను తీసుకెళ్తాను సర్. నాకు రెండో అంతస్తులో క్లాసుంది. మెట్లెక్కడానికి ఒక భుజం కావాలి."

సారు తలూపాడు. గాజు తలుపులోంచి పోచమ్మకు మెట్లు కనిపిస్తున్నాయి. మేడమ్ చెయ్యి నవ్య భుజం మీద ఉంది. ఒక్కో మెట్టూ ఎక్కి ఆగుతున్నారు. మేడమ్ పళ్ళు బిగపట్టిన ప్రతిసారీ పిల్ల మొహం చిన్నబోతోంది. పరుగెత్తే వయసు పిల్ల, ఆ నొప్పి నడకకు తన నడక కలిపి, మెల్లగా పైకి పోయింది.

పోచమ్మ బయటికి వచ్చేసరికి మహేశ్ నీళ్ళు పోసి వచ్చి, ట్యాంకర్‌ను సందు మొదట్లో ఆపి ఉన్నాడు. గేటు దగ్గరకు రాలేదు. అటే చూస్తూ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

"తీసుకున్నరా?"

"తీసుకున్నరు కొడుకా."

"పిలిచిండ్రా?"

"లే. మేమే పోయినం. ఎవ్వరేమనలె."

మహేశ్ కాసేపు స్కూలు కిటికీల వంక చూశాడు. తర్వాత, ఏదో పాత వార్త చెప్తున్నట్టు మెల్లగా అన్నాడు. "నేను గప్పుడు ఊర్లు తిరగలేదమ్మా. దినాం బడి ముంగటి మోరీ గోడ మీదనే కూసున్న. సారు కిటికీలకెళ్ళి చూసి, రారా అంటడేమోనని. ఒకపాలి చూసిండు కూడా. ఏమనకుంట లోపలికి పోయిండు."

చెడ్డీ నిండా ఆ దుమ్ము. చీపురు తిరగేసిన ఆ సాయంత్రం. కిక్కురుమనని ఆ పిల్లవాడు. పోచమ్మ ట్యాంకర్ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ఇంట్లో తను మంచం వాల్చుకుని ఎదురుచూసింది, బడి ముందు వాడు గోడ మీద కూర్చుని ఎదురుచూశాడు. మధ్యన నడిచి పోతే ఎంత దూరం? గట్టిగా పిలిస్తే వినబడేంత.

"నువ్వెందుకు రాలేదమ్మా?" అని వాడు అడగలేదు. అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగలేదు. అడిగి నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనుకుంది ఆ తల్లి. నడిరోడ్డు మీద, నలుగురూ చూస్తుండగా, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

మహేశ్ దిగి వచ్చి, అమ్మ కాలిన చెయ్యి తగలకుండా రెక్క పట్టుకున్నాడు.

"నడువమ్మా, పొయ్యి ముట్టియ్యాలె. సారుకు ఇయ్యాల పొద్దటి చాయ్ లేకపాయె గదా."